కొమ్మల మందుకు కోడేరులో బోణి

మొన్న చుట్టాల పెళ్లికని గద్వాల నుంచి కోడేరు పోతూ వీపనగండ్ల దాటుతుంటే, చెవులకు పసుపుపచ్చ బిళ్లలు తగిలించుకున్న ఎడ్లూ బర్రెలూ రోడ్డు పక్కన వరసగా నిలబడి గాలికుంటు టీకా వేయించుకుంటున్నాయి. కారు ఆపించాను. ముహూర్తం దాటిపోతుందని మా ఆయన సణుగుతూనే ఉన్నాడు గానీ, నా కళ్లు పశువుల మీద లేవు, టీకా సీసాలున్న ఐసు డబ్బా మీద ఉన్నాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లలో మందులు చల్లగా ఉంచడానికి తిప్పలు పడినవాళ్లకు, నేను ఎందుకు ఆగానో వేరే చెప్పనక్కర్లేదు.

మాది గద్వాలలో చీరల దుకాణం. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా నాయన నవ్వేవాడు. కూరగాయల దగ్గర కొసరు వేయించుకోకపోతే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. హైదరాబాదులో రసాయనశాస్త్ర పరిశోధనకు చేరినప్పుడు కూడా, గైడు సారు ఇచ్చిన అంశం చూసి ఇంతకంటే సులువైనది లేదా అని బేరమాడిన ఘనురాలిని. సారు తగ్గలేదు. నేను ఓడిన బేరాల్లో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

ఆ పని ఏమిటంటే, చెట్టులాంటి అణువునొకదాన్ని ప్రయోగశాలలో కట్టడం. నడుమ ఒక మొదలు, దానికి రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మకు మళ్లీ రెండేసి రెమ్మలు. ఆ రెమ్మల చివర్లకు గాలికుంటు వైరస్ పైతొడుగును పోలిన చిన్న ముక్కలు, అవీ మేము తయారుచేసినవే, తగిలించడం. డెండ్రిమర్ అంటారు దాన్ని. అసలు వైరస్ అందులో ఉండదు కనుక జబ్బు అంటుకునే భయం లేదు. ఐసును అంతగా నమ్ముకోనక్కర్లేని టీకా దాంతో వస్తుందన్నది మా ఆశ. నాయనకు దుకాణం భాషలో చెప్పాను. ఒక్క చీరను మడతపెట్టి బీరువాలో దాస్తే దారినపోయేవాళ్లు తల తిప్పరు, అదే గుమ్మం ముందు కర్రకు వరసగా కొంగులు వేలాడదీస్తే ఆగి చూస్తారు. ఒంట్లోని రక్షణ బలగమూ అంతే, ఒంటరి ముక్కను పట్టించుకోదు, కొమ్మకొమ్మకూ వేలాడదీస్తే గుర్తుపడుతుంది. నాయన అంతా విని, మరి గిరాకీ ఏదని అడిగాడు.

తేలాల్సింది ఆ గిరాకీయే. జబ్బు చేసి కోలుకున్న పశువు రక్తంలో ఆ వైరస్‌ను ఆనవాలు పట్టే ప్రతిరక్షకాలుంటాయి. అవి వచ్చి మా కొమ్మలను పట్టుకుంటే మేము కట్టింది అసలును పోలినట్టు. పట్టుకోకపోతే ఏళ్ల పని నీళ్లపాలు, వేరే అంశం చూసుకోవాల్సిందేనని సారు ముందే చెప్పేశాడు. కోడేరు వైపు గాలికుంటు వచ్చిపోయిందని తెలిసి, అక్కడి పశువుల డాక్టరును ఒప్పించి, ఐసు డబ్బాతో బస్సెక్కాను.

నా వ్యాపార తెలివి బయటపడింది ఇక్కడే. సోమవారం ఎడ్లకు కాడి కట్టరు, అన్నీ కొట్టాల్లోనే దొరుకుతాయని ఏరికోరి సోమవారమే పోయాను. దుకాణం మూసిన రోజే సరుకు దులిపి చూసుకునే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు సెలవంటే అదే మరి. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ రోజు ఎద్దును కడిగి, బొట్టు పెట్టి, బసవన్నలా చూసుకుంటారు. మొదటి ఇంట్లో కుదరదన్నారు. ఆ మాట నాకంటే ముందే మిగతా ఇళ్లకు చేరింది. బోణి కాని పూట ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?

ఊరి చివర ఒక అవ్వ ఎద్దుకు గడ్డి వేస్తోంది. గాలికుంటుకు ఆమె దూడ చచ్చిపోయింది, ఎద్దు మాత్రం బతికి బయటపడింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, “సోమారం దాని మెడ మీద కాడి గూడ పెట్టం, నువ్వు సూది గుచ్చుతనంటివి. సదువుకున్నదాని లెక్కనే ఉన్నవ్, గిది తెల్వదా బిడ్డా?” అంది. డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. రేపు రమ్మంది.

మరునాటికి ఐసు నీళ్లయింది. సోడా దుకాణంలో మళ్లీ గడ్డ కొని, అక్కడా కాస్త బేరమాడి, అవ్వ ఇంటికి పోయాను. రక్తం తీస్తే దుక్కి ముందు ఎద్దు నీరసపడుతుందని ఆమె భయం. కొంచెమే తీస్తామని డాక్టరు నచ్చజెప్పాడు. నేను తవుడు ఇస్తానన్నాను, డబ్బులిస్తానన్నాను, ఆమె తల అడ్డంగా ఊపేకొద్దీ పెంచుకుంటూ పోయాను. నా అంతట నేను ధర పెంచడం జన్మలో అదే మొదలు.

“పైసలొద్దు, తవుడొద్దు. నువ్వు ఎతికేది దొరికిందా లేదా అని నువ్వే వచ్చి చెప్పిపోవాలె. మస్తుమంది వస్తరు, అడుగుతరు, పోతరు. ఒక్కరు గూడ మళ్ల రాలె.”

ఒకవేళ దొరకకపోతే అన్నాను. బేరం కుదిరేలోపే జారుకునే సందు చూసుకోవడం మా ఇంటి విద్య.

“దొరకలేదనే చెప్పు. గది చెప్పనీకె నోరు నొస్తదా ఏంది?”

ఎద్దు మెడ చుట్టూ చెయ్యి వేసి, దాని చెవిలో ఏదో చెబుతూ తనే పట్టుకుంది. బోణి అయింది. ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్లు పిలవకుండానే తమ పశువులను తోలుకొచ్చారు.

ప్రయోగశాలలో ఆ రక్తపు తేటను చిన్న చిన్న గుంటల పళ్లెంలో పోసి, ప్రతిరక్షకాలు పట్టుకున్నచోట తేలే రంగు కోసం సారూ నేనూ చూస్తూ కూర్చున్నాం. ఒంటరి ముక్కలున్న గుంటల్లో రంగు పలచగా తేలింది. జబ్బు రాని పశువుల తేట పోసినచోట రంగే లేదు. కొమ్మల అణువు ఉన్న గుంటలు మాత్రం చూస్తూండగానే ముదురు నీలానికి తిరిగాయి. నాయనకు ఫోను చేసి గిరాకీ వచ్చిందన్నాను.

సోమవారం కాకుండా చూసుకుని మళ్లీ కోడేరు పోయాను. దొరికిందన్న నా మాట వినగానే అవ్వ ముందు ఎద్దుకు చెప్పింది, తర్వాత పొరుగువాళ్లకు. అయితే మందు వచ్చినట్టేనా అని అడిగింది. ఇంకా రాలేదు, ఇది మొదటి మెట్టేనన్నాను. “అయితే మళ్ల రావాలె,” అంది. ఆ షరతు మీద నేను బేరమాడలేదు.

ఆ మందు ఇంకా ఐసు డబ్బాను ఇంటికి పంపలేదు. నా దగ్గర చదివిన పిల్లలు మాత్రం ఆ కొమ్మలను నాకంటే పొందికగా కడుతున్నారు, పశువులకిచ్చి చూసేదాకా వచ్చారు. మొన్న పెళ్లి నుంచి తిరిగొస్తూ అవ్వ ఇంటికి పోయాను. ఆమె కాలం చేసింది, కోడలికి చెప్పాను. ఇప్పుడు పశువు చెవి బిళ్ల నంబరు కొడితే దాని సంగతులు ఫోనులోనే కనబడతాయి, ఎవరూ పనిగట్టుకుని వచ్చి చెప్పనక్కర్లేదు, మంచిదే. కోడలు మాత్రం ఫోను పక్కన పెట్టి, అత్తలాగే చివరిదాకా విని, మళ్లీ ఎప్పుడొస్తానని అడిగింది. ఎందరితోనో బేరమాడాను గానీ, తిరిగి రమ్మని తప్ప ఇంకేమీ అడగని మనుషులు ఆ ఒక్క గడపలోనే దొరికారు నాకు.