పెట్రోలు వాసన పట్టిన చీరలు

నా చిన్నప్పుడు వచ్చిన కోపం ఒకటి ఇంకా తగ్గలేదు. నిరుడు మా నాయన పోయాక అది మరింత పెరిగింది.

నాయన గద్వాలలో ఒక చీరల సేటు దగ్గర పాత కారు నడిపేవాడు. చీరల మూటలు డిక్కీలో వేసుకొని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చేరవేసేవాడు. ఒక ఎండాకాలం, చీరలు పెట్రోలు వాసన వస్తున్నాయని దుకాణాలవాళ్లు మూటలు తిప్పి పంపారు. ఆ రోజుల్లోనే ట్యాంకులో పెట్రోలు కూడా ఉండవలసినంత ఉండటం లేదు. సేటు రెండింటినీ కలిపి చూశాడు. నాయన పెట్రోలు తీసి, డబ్బాల్లో పోసి, డిక్కీలో దాచి అమ్ముకుంటున్నాడని తేల్చేశాడు.

ఆ మాట తన ఇంటి అరుగు మీద, మగ్గం పనివాళ్ల ముందు అన్నాడు. నాయనకు సద్ది తీసుకుపోయిన నేను అక్కడే ఉన్నాను.

"కింద చుక్క కారతలేదు. మరి పెట్రోలు యాడికి పోతుందిరా? గాలిల కలుస్తుందా?"

"నాకు తెల్వదు సేటూ. నేనైతే తియ్యలే."

"గట్లయితే శనివారం బీచుపల్లి గుడికి నడువు. అంజన్న ముందల నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

అబద్ధపు ప్రమాణం బిడ్డకు తగులుతుందని మా వైపు నమ్ముతారు. తప్పు చేయలేదు కనుక నాయన సరేనన్నాడు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్లు మండింది. దొంగతనం ఆయన మీద మోపి, పూచీగా నా తల అడిగాడు.

పక్కింటి మెకానిక్ మామకు సంగతి తెలిసి నాయన మీదే లేచాడు. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెడ్తవా బావా? ముందుగాల బండి మీద పెట్టరాదు?"

కారును తన షెడ్డుకు తెమ్మనలేదు. మరునాడు మిట్టమధ్యాహ్నం తనే సేటు అరుగు దగ్గరికి వచ్చి, నిన్నటి పనివాళ్లందరినీ పిలవమన్నాడు.

ట్యాంకులోని ఆవిరి బయటికి పోవడానికి డిక్కీలోంచి కిందికి సన్నని రబ్బరు పైపు ఒకటి ఉంటుంది. చూడటానికి అది బాగానే ఉంది. మామ సేటు ఇంట్లోంచి కుంకుడుకాయ నురుగు తెప్పించి పైపు పొడవునా పూశాడు. ట్యాంకు మూత బిగించాడు.

"సేటూ, జర కూసో. పైపు కొసకు నీ బొటనవేలు అడ్డం పెట్టు."

సేటు తన కారు వెనకాల గొంతుకూర్చున్నాడు. ఎండకు ట్యాంకు కాగుతున్నది. కాసేపటికి పైపు ఒంపు దగ్గర నురుగు బుడగలు బుడగలుగా పొంగింది. మామ అక్కడ పైపును వంచాడు. వంచితేనే కనబడే చీలిక. ఎండలో బండి నిలిపినప్పుడల్లా పెట్రోలు ఆవిరై అందులోంచే డిక్కీలోకి వచ్చి చీరలకు పట్టింది.

"నువ్వన్నదే నిజం సేటూ. గాలిలనే కలిసింది" అన్నాడు మామ.

"మరి శనివారం ప్రమాణం ఎవరు చెయ్యాలె ఇగ?" అని ఒక ముసలి పనివాడు అంటే అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు. వేలు తుడుచుకొని, "పైపు మార్పించు" అని లోపలికి పోయాడు. అంతే.

నాయన ఆ బండినే ఇంకా తొమ్మిదేళ్లు నడిపాడు. మమ్మల్ని సాకడానికి నడిపాడని తెలియక, ఎందుకు ఊరుకున్నాడని ఆయన మీద కూడా చాలా కాలం కోపంగా ఉన్నాను.

నాయన పోయిన పదకొండో రోజున సేటు మా ఇంటికి వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. లోపలి గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, "మీ నాయన అసుంటి నిజాయితీ మనిషి దొరకడమ్మా" అన్నాడు మెల్లగా.

"బయట అందరూ కూర్చున్నారు. అక్కడ చెప్పండి" అన్నాను.

ఆయన చాయ తాగి వెళ్లిపోయాడు.

నేను టీచరునయ్యాను. పిల్లలను తప్పుగా అనుమానించిన రోజులు నాకూ ఉన్నాయి. ఒక పిల్ల పెన్ను దొంగిలించిందని తరగతి ముందు అన్నాను. తర్వాత ఆ పెన్ను నా సంచిలోనే దొరికింది. ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచి చెబితే తేలికగా పోయేది. తరగతి మొత్తాన్నీ కూర్చోబెట్టి, ఆమె పేరు పెట్టి పిలిచి, తప్పు నాదని చెప్పాను. చివరి బెంచీకి వినబడేలా చెప్పాను.