పాత కార్డు తరఫు మనిషి

ఈ ఉదయం ఎవరిదో కంప్యూటర్లో వీడియోల పని చూసే పాత గ్రాఫిక్స్ కార్డు విప్పాను. నాలుగు మరలు ఊడదీసి, దాన్ని చల్లబరిచే రేకుల దిమ్మను పైకి లేపగానే కాలిన దుమ్ము వాసన గుప్పుమంది. అందులో, చిప్పు వేడి లాగేందుకు పూసి ఎండిపోయిన పేస్టు వాసన కూడా కలిసి ఉంటుంది. ఎన్నేళ్ళుగానో ఈ పని చేస్తున్నాను కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. అయినా అది తగిలినప్పుడల్లా ఖాదర్ సార్ గుర్తుకొస్తాడు. ఆయన పోయి మూడేళ్ళయింది.

తిరుపతి బస్టాండు వెనక సందులో, మేడ మీద చిన్న కంప్యూటర్ల షాపు ఆయనది. అంతకు ముందు టీవీలు బాగుచేసేవాడట. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మెత్తటి పెయింటింగు బ్రష్షు ఉండేది. డిప్లొమా చేసి, రెండుచోట్ల పని మానేసి, నోరు ఎక్కువన్న పేరు మూటగట్టుకుని నేను ఆయన దగ్గర చేరాను. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మొదటిరోజే రెండు కార్డులు నా ముందు పెట్టి తేడా ఏమిటో చెప్పమన్నాడు. ఒకటి రెండేళ్ళ కిందటిది. ఇంకొకటి అదే కార్డుకు చిన్న చిన్న మార్పులు చేసి, పేరు చివర ఒక మాట తగిలించి కంపెనీ మళ్ళీ విడుదల చేసింది. పెట్టె మీద రాసింది చూసి కొత్తదాని గొప్పలన్నీ గడగడా చదివేశాను. ఆయన చివరిదాకా విని, పెట్టె తీసి పక్కన పెట్టాడు.

"కొత్తదాన్ని పొగిడేదానికి కంపెనీ వాళ్ళు ఉండారమ్మా. పాతదాని తరఫున మాట్లాడేదానికి మనం తప్ప ఎవురుండారు?" అన్నాడు.

ఆయన పద్ధతి ఆయనకు ఉండేది. కొత్తది కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నోటిమాట చెప్పేవాడు కాదు. నీ పాత కార్డు తీసుకురా, నువ్వు రోజూ చేసే పనే తీసుకురా అనేవాడు. ముందుగా పాతదానికి స్నానం. ఆ మాట ఆయనదే. మొత్తం విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు పూసి, ఫ్యాను తిప్పి చూసి అప్పుడు కూర్చోబెట్టేవాడు. రెండు కార్డులకూ ఒకే కంప్యూటరు, ఒకే పని, మూడేసి సార్లు. మధ్యలో కార్డు చల్లారేదాకా కిందికి దిగి టీ తాగి వచ్చేవాడు. ఏది ఎంతసేపు తీసుకుందో కాగితం మీద రాసి, షాపు ముద్ర వేసి చేతికిచ్చేవాడు. పదిసార్లలో ఏడుసార్లు ఆ కాగితం పట్టుకుని మనిషి ఏమీ కొనకుండానే మెట్లు దిగిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇలాగైతే షాపు మూసుకోవాల్సిందే సార్ అనేదాన్ని. కానీ మదనపల్లె నుంచీ, పుత్తూరు నుంచీ జనం ఆ కాగితం కోసమే వచ్చేవాళ్ళు. ఆయనకున్న ఆస్తల్లా ఆ నమ్మకమే.

దాన్ని పోగొట్టింది నేను.

దామోదరం అని, చిత్తూరులో పెళ్ళి వీడియోలు తయారుచేసే స్టూడియో ఆయనది. మూడు కంప్యూటర్లు, మూడింట్లోనూ ఒకే రకం కార్డు. దానికే కొత్త రూపం వచ్చిందని విని, మూడూ మార్చేద్దామా అని ఒక కార్డు ఊడదీసి, ఒక పెళ్ళి వీడియోతో సహా తెచ్చి పొద్దున్నే సార్ చేతికిచ్చి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి కాగితం తీసుకుంటానన్నాడు. ఆ మధ్యాహ్నం సార్ కంటి ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. కుడికంట్లో శుక్లం మొదలైంది, చూపు కాస్త మసకగా ఉంటోందని కొన్నాళ్ళుగా అంటున్నాడు. పరీక్ష నాకు అప్పగించి, స్నానం మర్చిపోవద్దని చెప్పి మరీ వెళ్ళాడు.

మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. చేతిలో ఇంకా నాలుగు మిషన్లు ఉన్నాయి. ఎలాగూ గెలిచేది కొత్తదే, దీనికి గంటసేపు సేవ ఎందుకు అనుకున్నాను. పాతదాన్ని ఉన్నదున్నట్టు పెట్టేశాను. మూడుసార్లకు బదులు ఒక్కసారే నడిపాను. ఆ వీడియో తయారు కావడానికి పాత కార్డు నలభై ఒక్క నిమిషాలు తీసుకుంది, కొత్తది ఇరవై తొమ్మిది. రాసి ముద్ర వేశాను. దామోదరం అది చూసి పొంగిపోయి మూడు కొత్త కార్డులు తీసుకున్నాడు. వారం తిరక్కుండా తన దగ్గరున్న రెండు పాతవీ వచ్చిన ధరకు అమ్మేశాడు. పరీక్షకు తెచ్చినది మాత్రం, ఎవరికైనా ఇచ్చేయమని మా దగ్గరే వదిలేశాడు.

దాన్ని ఇంకొకరికి ఇచ్చే ముందు సార్ విప్పాడు. రోజూ స్టూడియోలో వేసే సాంబ్రాణి పొగంతా పట్టి, రేకుల మధ్య దుమ్ము గుడ్డపేలికలా అట్టకట్టి ఉంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"స్నానం చేయించలేదా?" అన్నాడు.

లేదన్నాను. ఆయనే శుభ్రం చేసి, పేస్టు పూసి, అదే పెళ్ళి వీడియో మూడుసార్లు నడిపాడు. ముప్పై రెండు నిమిషాలు. కొత్తదానికీ పాతదానికీ ఉన్న తేడా మూడు నిమిషాలే. ఆ మనిషి సంతోషంగానే ఉన్నాడు కదా సార్, ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆయన నావైపు చూడకుండా, మరుసటి రోజు చిత్తూరు పోవాలి, నువ్వూ రా అన్నాడు.

స్టూడియోలో దామోదరం కుర్చీలు వేశాడు, టీ తెప్పించాడు. సార్ టీ ముట్టుకోలేదు. జరిగిందంతా నేనే చెప్పాలని బస్సులో మాటలు కూర్చుకుని వచ్చాను. నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"ఆ పరీక్ష నేనే చేసినానప్పా. నా కండ్లకు దుమ్ము కనపళ్ళేదు. కాగితం తప్పు. కార్డులు ఎనక్కి తీసుకుంటాను."

దామోదరం కేకలు వేసే మనిషి కాదు.

"కండ్లు కనపడనప్పుడు కనపడవని చెప్పాల గదా భాయ్. నమ్మి వచ్చినాను," అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు ఎక్కువన్న పేరున్న దాన్ని, ఆ ఒక్కరోజు నోరు మెదపలేదు. తిరిగి వస్తూ బస్సులో ఎందుకలా చెప్పారని అడిగాను. ఏడుస్తున్నానని ఆయనకు తెలుసు, అందుకే కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు ఇంకా చానా ఏండ్లు ఈ పని చెయ్యాల. నాకు కండ్లు ఎట్లాగూ పోతా ఉండాయి."

కానీ పోలేదు. ఆపరేషన్ చక్కగా జరిగింది. తర్వాత అద్దాలు కూడా లేకుండా వెంట్రుకంత తీగలు అతికించేవాడు. ఎవరూ నమ్మలేదు. ఖాదర్ భాయ్‌కి కళ్ళు కనపడవన్న మాట చిత్తూరు నుంచి ఊరూరా పాకింది. మెట్లెక్కి వచ్చినవాళ్ళు కార్డు నా చేతికి ఇచ్చి, నువ్వే చూడమ్మా, భాయ్‌ని శ్రమపెట్టొద్దు అనేవాళ్ళు, ఆయనకు వినపడేలాగే. ఆయన స్టూలు మీద కూర్చుని, జేబులోని బ్రష్షు తీసి నాకు అందించేవాడు. కాగితం మీద ముద్ర కూడా నన్నే వెయ్యమనేవాడు. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. ఒక శుక్రవారం ఆయన షాపుకు రాలేదు. గుండెపోటని ఆయన కొడుకు ఫోన్ చేశాడు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. నేను ఇచ్చే కాగితం నిజాయితీగా ఉంటుందని జనం అంటారు. ఆ మాట వినబడితే దామోదరానికిచ్చిన కాగితం గుర్తుకొస్తుంది. పోయిన నెల ఇక ఉండబట్టలేక చిత్తూరు వెళ్ళాను. దామోదరం జుట్టు నెరిసింది, స్టూడియో పెద్దదైంది. నిలబడే మొత్తం చెప్పేశాను. పరీక్ష చేసింది నేనన్నాను, బద్ధకించింది నేనన్నాను, సార్ అబద్ధం చెప్పాడన్నాను. ఆయన అయోమయంగా నావైపు చూశాడు.

"ఏ కార్డుమ్మా? అప్పట్నుంచి ఎన్ని మార్చినామో," అన్నాడు. గుర్తు తెచ్చుకుందామని పాపం నిజంగానే ప్రయత్నించాడు. "ఖాదర్ భాయ్ మంచోడే. కండ్లు కనపడేవి కావు. నాకు అదొక్కటే గుర్తుండాది."

ఆయనకు కళ్ళు బాగానే కనపడేవి అన్నాను. రెండుసార్లు అన్నాను. పోయినవాళ్ళ గురించి వినేటప్పుడు అందరూ ఊపినట్టే ఆయనా తల ఊపాడు. ఖాదర్ సార్ తన జీవితం మొత్తంలో ఇచ్చిన తప్పుడు ఫలితం, కళ్ళు కనపడలేదన్న ఆ మాటొక్కటే, అది నా కోసం ఇచ్చాడు, జనం దాన్నే మనసులో దాచుకున్నారు.