శంఖం ఊది చూసిన పిల్ల

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అనే సామెత ఎవడు పుట్టించాడో గానీ, దొరికితే వాణ్ణి నాలుగు దులిపేయాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక. అందరూ శంఖం ఊదేవాడి కష్టానికే జాలిపడతారు. ఆ ఉబ్బిన బుగ్గలు చూస్తూ చెవిటివాడు ఎంతసేపు మొహమాటంగా కూర్చోవాలో ఎవరికీ పట్టదు.

ఆ చెవిటివాణ్ణి నేనే. చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కాబట్టి నోరు మాత్రం మిగిలింది. అదీ కాస్త ఎక్కువే మిగిలిందని మా చెల్లెలు అంటుంది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాను. పని ప్రింటింగ్ ప్రెస్సులో. అక్కడ మిగతావాళ్లు మెషీన్ రొదకి చెవుల్లో దూది పెట్టుకుంటారు, నాకు ఆ ఖర్చు లేదు. కాగితం సాఫీగా పోతోందా, ఎక్కడైనా ఇరుక్కుందా అన్నది కాళ్ల కింద నేల అదురును బట్టే తెలిసిపోతుంది. ఉండేది చెల్లెలి ఇంట్లో, మేడ మీద గదిలో. పెళ్లి కాలేదు. అది వేరే కథ, అందులో తప్పు నాది కాదు.

చెల్లెలికి ఒక్కతే కూతురు. ఇంటిల్లిపాదీ దాన్ని పిడుగు అంటాం. ఆ పిడుగు చప్పుడు వినపడని అదృష్టవంతుణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. కాలేజీలో వీడియోలు తీయడం నేర్చుకుంటోంది. ఈసారి పరీక్షకి ముగ్గురు ముగ్గురు కలిసి ఒక పాటకి వీడియో తీయాలట. కెమెరా ముట్టుకునే ముందే పరిశోధన చేయాలట. ఇలాంటి పాటలు ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు, ఎక్కడ విసుగు పుడుతుంది, ఇవన్నీ తెలుసుకుని, చివరికి క్లాసు ముందు నిలబడి ఒప్పజెప్పాలి. పాటలు చూడటానికి పరిశోధన ఏమిటే తల్లీ అని నవ్వాను నేను.

మిగతా పిల్లలు తమ స్నేహితులనే అడిగి ఊరుకున్నారు. ఇది మాత్రం మేడమ్ ముందు లేచి, 'మా మావయ్య చివరిదాకా కదలకుండా చూసే పాట తీస్తాను' అని కూర్చుంది. వీళ్ల ముగ్గురిలో కెమెరా పట్టే అమ్మాయికి మావయ్య ఎవరో తెలుసు, వెంటనే ఆ శంఖం సామెత వేసిందట. అయితే ప్రదర్శన రోజు మీ మావయ్యనే తీసుకురా అన్నారట మేడమ్. ఆయన విసిగిపోయి లేచి వెళ్లిపోతే నీ మాట ఓడినట్టే, మళ్లీ మొదటి నుంచి తీయాల్సిందే అని కూడా చెప్పారట. ఇంటికొచ్చి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎవతె ఆ కెమెరా పిల్ల అని లేచాను. పిడుగేమో నింపాదిగా, ఊది చూద్దాం మావయ్యా, పోయేదేముంది అంది.

ఇక సాయంత్రం నేను ప్రెస్సు నుంచి రావడం ఆలస్యం, లాప్‌టాప్ పట్టుకుని మేడ ఎక్కేసేది. తనకీ వినపడకుండా శబ్దం తీసేసి, ఒక్కో పాటా చూపించి, ఎలా ఉందని అడిగేది. బాగుంది అనేవాణ్ణి. ఇది? ఇదీ బాగుంది. తానా అంటే తందానా. పిల్ల కష్టపడుతోంది కదా, బాగోలేదంటే చిన్నబుచ్చుకోదూ? పైగా అది నాకు పుట్టుకతో వచ్చినంత అలవాటు. నలుగురూ చేరి ఏదో చెప్పుకుని నవ్వుతుంటే, ఏమైందని ఎన్నిసార్లు అడుగుతాం? నలుగురితో నారాయణా అని నేనూ నవ్వేస్తాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి.

ఒకరోజు ఇంకో పాట పెట్టింది. కార్లు, స్కూటర్లు, పైనుంచి తీసినట్టుంది. ఎలా ఉంది అంది. బ్రహ్మాండం, మధ్యలో కాస్త నిదానించింది గానీ ముగింపు అదిరింది అన్నాను.

అది పాట కాదు. మా ఇంటి వెనక బళ్లు ఆపుకునే చోటు. నా గది కిటికీలోంచే తీసిందట. అందులో నా స్కూటరు కూడా ఉంది. అలా పప్పులో కాలేశాను.

నవ్వుతుందనుకున్నాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. నాకు పెదాలు బాగా కనపడేలా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మావయ్యా, నా సంతోషం కోసం నువ్వు బాగుందంటే నేను తప్పు పాట తీస్తాను. పెళ్లిళ్లలో కూడా నువ్వు అందరి మొహాలూ చూసి, అందరూ నవ్వాక నవ్వుతావు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

దొంగతనం బయటపడ్డట్టు ఒళ్లంతా మండింది. కిందికి పొమ్మన్నాను. ఆ రోజు అన్నం దగ్గర దాని వంక చూడలేదు. చెల్లెలు ఏమైందని అడిగితే దాని మీదా విసుక్కున్నాను. మర్నాడు మెషీన్ దగ్గర నిలబడ్డాను గానీ ఆ మాటే బుర్రలో తిరిగింది. తిరగ్గా తిరగ్గా ఒకటి తట్టింది. నాకు నిజంగా ఏమనిపిస్తోందన్నది ఇన్నేళ్లలో ఎవరికీ అవసరం పడలేదు. దీనికి పడింది. నేను బాగుందని తలూపితే సరిపోయే మనుషులే అందరూ. దీనికి సరిపోలేదు.

సాయంత్రం నేనే పిలిచాను. తీసుకురావే నీ పాటలు, ఇవాళ కుండ బద్దలు కొట్టేస్తా అన్నాను. కొట్టాను కూడా. వీడు కొండెక్కి చేతులు చాపాడు, ఎందుకు? ఈమె మైకు మూతికి అడ్డం పెట్టుకుంది, ఏం పాడుతోందో నాకెలా తెలియాలి? ఇంతమంది ఒక్కసారే ఎగిరారు, వీళ్లని ఏం కుట్టింది? నోరు నొప్పెట్టేదాకా తిట్టాను. పిడుగు మొహం వెలిగిపోయింది. కొన్నాళ్లకి అడగడం కూడా మానేసింది. పాట పెట్టి నన్నే చూస్తూ కూర్చునేది. నా చూపు ఎక్కడ కిటికీ వైపు పోతోంది, ఎక్కడ ఆవులిస్తున్నాను, అదీ దాని పరిశోధన. ఒకరోజు ప్రెస్సుకి కూడా వచ్చి మూల నిలబడి వీడియో తీసింది. ఇంటికొచ్చాక చూపించింది. మెషీన్ సాఫీగా నడుస్తుంటే నా కుడికాలు ఊరికే ఆడుతోంది. చూశావా, నీకు తాళం వచ్చు మావయ్యా అంది. తాళం లేదు, తలుపూ లేదు, తిమ్మిరెక్కి ఉంటుంది అన్నాను. కానీ ఆ వీడియో మళ్లీ ఒకసారి చూపించమన్నాను.

తర్వాత వాళ్లు ఏం తీశారో నాకు చూపించలేదు. ప్రదర్శనకి బయల్దేరే ముందు మాత్రం తన నెత్తిన నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నటించకూడదు. విసుగొస్తే లేచి బయటికి పోవాలి. నువ్వు మళ్లీ మొదటి నుంచి తీయాల్సొస్తుందే అన్నాను. తీస్తాను అంది.

కాలేజీ హాల్లో నన్నూ చెల్లెల్నీ ముందు వరసలో కూర్చోబెట్టారు. పిడుగు వేదికెక్కి తన పరిశోధన గురించి మాట్లాడింది. మార్కులు వేసే మేడమ్ ఇంకో పక్కన కూర్చుంటే ఇది ఆవిడ వైపు తిరగకుండా నా వైపే తిరిగి, ఒక్కో మాటా నాకు అందేలా చెప్పింది. ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారని, అందుకే అడగడం మానేసి చూడటం మొదలుపెట్టానని చెప్పింది. మొదట తను తప్పు దారిలో పోయిన సంగతి కూడా దాచలేదు. ఆ స్కూటర్ల కథ చెప్పి నా పరువు తీస్తుందని బిక్కచచ్చిపోయాను. అది మాత్రం చెప్పలేదు. బంగారు తల్లి.

దీపాలు ఆర్పారు.

తెర మీద ఒక అమ్మాయి, వీళ్ల ముగ్గురిలో పాట రాసిన పిల్లే, చెప్పు వెతుక్కుంటోంది. ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది లేదు. కాలేజీకి టైమైపోతోంది. మూతికి మైకు లేదు, పాటంతా పెదాల మీద స్పష్టంగా కనపడుతోంది. వెతుకుతూ అల్మారాలోంచి చొక్కా విసిరింది, నేల మీద పడింది. పుస్తకం పడింది. బకెట్టు పడింది. గొడుగు పడింది. ఒకదాని వెనక ఒకటి, మెషీన్లోంచి కాగితాలు వచ్చినట్టు వరస తప్పకుండా పడుతున్నాయి. పాట జోరందుకుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెల్లెలు నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఎందుకా అని చూస్తే నా కాలు ఆడుతోంది.

అంతలో అన్నీ ఆగిపోయాయి. పడబోయిన దిండు కూడా ఆ పిల్ల చేతిలోనే ఆగింది. గుమ్మం దగ్గర వాళ్ల నాన్న, టై కట్టుకుని, బ్యాగు పట్టుకుని, ఆఫీసుకి హడావుడిగా బయల్దేరుతున్నాడు. కెమెరా మెల్లగా ఆయన కాళ్ల దగ్గరికి దిగింది. ఒక కాలికి నల్ల బూటు. రెండో కాలికి గులాబీ రంగు ఆడపిల్ల చెప్పు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు. చూడాలన్న ధ్యాసే లేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని చుట్టూ చూసేసరికి హాలంతా కదిలిపోతోంది, మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, కెమెరా అమ్మాయి పడీ పడీ నవ్వుతోంది.

పిడుగు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తెర వైపు చూడటం లేదు. పాటంతా నన్నే చూసినట్టుంది. పరుగున వచ్చి నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. పెదాలు వణుకుతుంటే మాట పట్టుకోవడం కష్టం. అయినా పట్టుకున్నాను.

"అందరికంటే ముందు నువ్వే నవ్వావు మావయ్యా."