రాహుకాలంలో ఒప్పందం

తొంభై తొమ్మిది ఎండాకాలంలో నన్ను శేరిలింగంపల్లి నుంచి హైటెక్ సిటీలోని ఓ సర్కారు ఆఫీసుకు దఫేదారుగా వేశారు. దఫేదారంటే అటెండర్లకు పెద్ద. నడుముకు బెల్టు, ఛాతీ మీద ఇత్తడి బిళ్ల. పెద్దసారు గదిలోకి ఎవరు పోవాలన్నా నన్ను దాటాలె.

అప్పుడే ఆఫ్రికాలోని ఓ చిన్న దేశం నుంచి ఐదుగురు వచ్చారు. ఏటా వాళ్ల పిల్లలు ముప్పైమందికి మనం కంప్యూటరు పని నేర్పాలి, వాళ్లేమో ప్రోగ్రాములు మన కంపెనీల దగ్గరే కొనాలి. మాటలన్నీ గురువారమే అయిపోయాయి. శుక్రవారం పదకొండుకు సంతకాలు.

పదిన్నరకు గోడ క్యాలెండరు చూసి మా సారు మొహం పాలిపోయింది. సారుది భీమవరం వైపు.

"యాదగిరీ, పన్నెండు దాకా రాహుకాలమయ్యా! టైము పెట్టేటప్పుడు ఎవరూ చూసి చావలేదు. వాళ్లకి చెప్తే కంప్యూటర్ల ఊళ్లో ఇదేంటని నవ్వరూ? ఎలాగోలా కాలక్షేపం చేయించు."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, చాయ్ ఉన్నది కద," అన్న.

పదకొండుకు చాయ్. పదకొండుంబావుకు ఉస్మానియా బిస్కెట్లు, మళ్లీ చాయ్. సంతకాల పెన్ను నా జేబులో దాచిన. సారు ఫైలు తిరగేస్తూ మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. అవతలి పెద్దమనిషి, ఆరడుగుల మనిషి, సారు మొహమే చూస్తున్నాడు. తనవాళ్లతో గుసగుసలాడి "ట్వెంటీ ఫైవ్" అన్నాడు. ఫైలు నంబర్లు వెతికిన వాణ్ని, ఇంగ్లీషు అంకెలు నాకు తెలుసు. సారు ఏమనాలో తోచక నవ్వారు. నేను ఇంకో చాయ్ పోసిన. ఆయన నుదురు తుడుచుకుని "ట్వెంటీ" అన్నాడు.

మన మౌనాన్ని బేరమనుకున్నాడు పాపం. నా చాయ్ కప్పుకు ఐదుగురు పిల్లల చదువు పోతున్నది!

ఇగ ఆగలేకపోయిన. క్యాలెండరు తీసి ఆయన ముందు పెట్టి, రాహుకాలం మీద వేలు ఆనించి, "దిస్ టైం బ్యాడ్. ట్వెల్వ్ గుడ్. థర్టీ ఓకే," అన్న. సారు తల పట్టుకున్నారు.

ఆయన క్యాలెండరు చూశాడు, గడియారం చూశాడు, కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. తర్వాత సారుతో మెల్లగా ఏదో అన్నాడు. సారుకు చెమటలు పట్టాయి.

"ఏమంటున్నడమ్మా?" అని టైపిస్టు సుజాతమ్మను అడిగిన.

"ఆలస్యానికి కారణం మినిట్స్‌లో రాయమంటారా అని అడుగుతున్నాడు," అంది నవ్వాపుకుంటూ.

మినిట్స్ అంటే మీటింగులో జరిగిందంతా రాసే కాగితం. అది ఢిల్లీ దాకా పోతుంది.

సారు లేచి బయటికెళ్లి పై ఆఫీసరుకు ఫోన్ చేసి వచ్చారు. పన్నెండు దాటినాక జేబులోంచి పెన్ను తీసిచ్చిన. సంతకాలయ్యాయి, ముప్పై అయిదుగురికి. మినిట్స్‌లో రాహుకాలం మాటే లేదు.

"నువ్వు మనవాడివా, వాళ్లవాడివా?" అన్నారు సారు.

"చాయ్ పోసేటోణ్ని సార్."

ఆ రోజు తెలుసుకున్నది ఒకటే. ఇచ్చేవాడు ఊరకే కూర్చున్నా అడిగేవాడికి అది బెదిరింపే. రిటైరయ్యేదాకా, ఎవరినైనా కూర్చోబెడితే ఎందుకో ముందు చెప్పేవాణ్ని.