ఇంకొక్క స్క్రూ

నిన్న పొద్దున అక్క ఫోన్.

"ఒరేయ్, మీ బావ లెయ్యట్లేదురా."

నాకు అర్థం కాలేదు. మత్తుగా పడుకున్నాడేమో అనుకుని "మొహాన నీళ్ళు చల్లక్కా" అన్నాను కూడా.

గిద్దలూరు నుంచి రాచర్లకు బండి ఎలా నడిపానో తెలియదు. నేను చేరేసరికే ఇంటి ముందు జనం. డాక్టర్ చూసి, గుండె అన్నాడట. సాయంత్రానికి అన్నీ అయిపోయాయి.

మా రంగనాయకులు బావ ఇక లేడు. ఈ ఒక్క లైన్ టైప్ చేసి ఎన్నిసార్లు చెరిపేశానో.

గిద్దలూరులో బావ రిపేరు షాపు మీలో చాలామందికి తెలుసు. "ఈ మోడల్‌కి బ్యాటరీలు రావడం లేదు, కొత్తది కొనుక్కోండి" అని షాపులవాళ్ళు తేల్చేసిన బ్యాటరీ డ్రిల్లులు, కటింగ్ మిషన్లు పట్టుకుని మార్కాపురం నుంచి, పామూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు.

"మోటారు బంగారం మాదిరి ఉంది. బ్యాటరీ పోతే మిషన్ పారేస్తారా ఏంది?" ఎవరొచ్చినా ముందు ఈ తిట్టు తినాల్సిందే.

నా డ్రిల్లూ అలాంటిదే. వడ్రంగం మొదలుపెట్టినప్పుడు కొన్నది. బావ చచ్చిన బ్యాటరీ విప్పి, లోపలి సెల్స్ తీసేసి, ఖాళీ డబ్బా మాత్రం ఉంచాడు. డ్రిల్లుకు పట్టేది అదే కదా. దాని అడుగున ఇప్పటి లిథియం బ్యాటరీ ఎక్కేలా సాకెట్ బిగించి, మధ్యలో ఫ్యూజ్ వేసి చేతిలో పెట్టాడు.

నొక్కితే గిర్రున తిరిగింది. నేను చిన్నపిల్లాడిలా ఎగిరానని అందరికీ చెప్పి నవ్వేవాడు.

కానీ ఒక షరతు. ఇప్పటి డ్రిల్లు అయితే ఛార్జింగ్ తగ్గగానే దానంతట అదే ఆగిపోతుంది. పాతదానికి ఆ తెలివి లేదు. ఉన్నదంతా పీల్చేస్తుంది. ఆ తర్వాత ఆ బ్యాటరీ మళ్ళీ ఛార్జింగ్ ఎక్కదు.

అందుకే తను చేసిన ప్రతి మిషన్ మీదా తెల్ల టేపు అంటించి మార్కర్‌తో రాసేవాడు.

"నెమ్మదిస్తే ఆపు."

"స్పీడు తగ్గిందంటే ఆపెయ్యాల. ఇంకొక్క స్క్రూ అనొద్దు" అని నాకు మరీ మరీ చెప్పాడు.

నేను వింటేనా! రెండో వారమే ఒక ఇంట్లో తలుపు బిగిస్తుంటే డ్రిల్లు మూలిగింది. మిగిలింది ఒక్క స్క్రూ. అలాగే నొక్కాను. స్క్రూ దిగింది, బ్యాటరీ పోయింది.

"ఆ చెవులు ఎందుకు పెట్టినాడురా నీకు దేవుడు?" అని, పాత టేపు పీకి అదే మాట ఇంకా పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు.

మొన్న సాయంత్రం నా పాత కటింగ్ మిషన్‌కీ అలాగే సాకెట్ బిగించమని పట్టుకుని షాపుకు వెళ్ళాను. మర్నాడు హనుమంతునిపాడులో పని. మిషన్ కావాలి.

బావ అప్పటికే షట్టర్ సగం దించేశాడు. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

"ఈ పొద్దు నావల్ల కాదురా. ఏందో ఆయాసంగా ఉంది. రేపు చేస్తాలే."

నేనేమన్నానో తెలుసా?

"ఇంకొక్కటే కదా బావా. చేసి పో."

బావ మళ్ళీ షట్టర్ ఎత్తాడు. గంటసేపు కూర్చుని చేశాడు. చొక్కా తడిసిపోయింది. ఉక్కపోత అనుకున్నాను. సోడా తెచ్చి ఇచ్చాను. నేను చేసిందల్లా అదే.

ఆటో ఎక్కుతూ, "టేపు అంటించలా. నువ్వే రాసుకో" అన్నాడు.

నిన్న అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మొన్న నీకాడ బాగనే ఉన్నాడా? యాడన్నా నొప్పి అని చెప్పినాడా?"

"లేదక్కా" అన్నాను.

శవం పక్కన కూర్చుని అబద్ధం చెప్పాను.

అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే బతికేవాడా? ఎవరినడిగినా ఏం లాభం. హనుమంతునిపాడు పనికీ వెళ్ళలేదు. ఆ మిషన్ నా ముందే ఉంది, చక్కగా తిరుగుతోంది. టేపు ముక్క అంటించి మార్కర్ పట్టుకున్నాను. రెండక్షరాలు రాసేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఇది చదివినవాళ్ళు దయచేసి అక్కతో అనొద్దు. నేనే చెప్పాలి. ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

బావా, నీ షాపు షట్టర్ కింద దాకా దించి వచ్చాను. ఇంకొక్కటి అని ఇక ఎవరూ లేపరు.

పడుకో బావా. ప్రశాంతంగా పడుకో.