ఇన్కా చక్రవర్తి దర్బారు

మా సోషల్ మాష్టారు పాఠాన్ని మాచేత ఆడించేవారు. నవ్వొస్తే మాత్రం అటు తిరిగి బోర్డు తుడిచేవారు.

ఆ రోజు దక్షిణ అమెరికాలోని ఇన్కా చక్రవర్తి పాఠం. ఆయన ముందుకు ఎంత గొప్పవాడైనా చెప్పుల్లేకుండా, వీపున బరువుతో రావాలట. రేవులో అమ్మతో చేపలమ్మి ఆలస్యమై, హెడ్మాష్టారి ఆజ్ఞ ప్రకారం గుమ్మం బయట నిలబడ్డ పిల్లని పిలిచి, మాష్టారు చక్రవర్తిగా తన కుర్చీలో కూర్చోబెట్టారు.

మేం సంచులు వీపున వేసుకుని వంగి వెళ్తుంటే హెడ్మాష్టారు బూట్లతో లోపలికొచ్చారు. "ఏంటండీ ఇది?"

"దర్బారండి. తమరూ బూట్లు విప్పాలండి," అంటూ మాష్టారు గ్లోబు అందించారు.

హెడ్మాష్టారు కుర్చీలో ఉన్న పిల్లని చూసి, బూట్లు విప్పి, గ్లోబు వీపున పెట్టుకుని వంగారు.

"ఆలస్యమైనా లోపలికి రానివ్వండి," అంది చక్రవర్తి.

"చిత్తం," అన్నారు హెడ్మాష్టారు, గ్లోబు దించకుండానే.

మాష్టారు అటు తిరిగి, ఏమీ రాయని బోర్డుని తుడుస్తున్నారు.