పుస్తకం పంపింది

పుత్తూరులో మా లైబ్రరీ సారు చనిపోయారని తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు, నేను బెంగళూరు ఆఫీసులో ఒక పుస్తకం ఎక్కడ పెట్టాలనే విషయం మీద కొట్లాడుతున్నాను. చేత్తో పట్టుకునే పుస్తకం కాదది. ఎక్కడెక్కడి మనుషులో ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, తలా ఒక వేషం వేసుకుని ఆడే ఆట ఒకటి మేం తయారుచేస్తాం. ఆ ఆటలో ఊళ్లుంటాయి, ఇళ్లుంటాయి, ఇళ్లలో పుస్తకాల అరలుంటాయి. ఆటగాడు ఒక పుస్తకం తెరిచి చదివితే అందులోంచి అతనికొక పని పుట్టాలి. అలా పుట్టించడం నా ఉద్యోగం. ఆ విద్య నాకు నేర్పిన మనిషి కంప్యూటర్ ముందు ఒక్కసారైనా కూర్చున్నట్టు నాకు తెలియదు. ఫోన్ పెట్టేసి, "ఆ పుస్తకం నేను చెప్పిన చోటే ఉంటుంది" అని గట్టిగా అనేసి, బయటికి వచ్చి ఏడ్చాను.

ఎనభైల్లో మా నాయనకు పుత్తూరు బదిలీ అయింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి జనం దూరాల నుంచి వచ్చే ఊరది. చెయ్యి మెడకు వేలాడేసుకున్నవాళ్లు లైబ్రరీలో కూర్చుని పేజీలు తిప్పలేక అవస్థ పడుతుంటే, సారు బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లి తిప్పి వచ్చేవారు. పిల్లల్ని మాత్రం ఇది చదువు, అది చదువు అని ఏనాడూ అనలేదు. "చదవమంటే ఎవురు చదువుతారు పాపా? ఆశ పుట్టాల" అనేవారు.

ఒకరోజు ఒక కథల పుస్తకంలో, రాకుమారుడు గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న చోట, పేజీ అంచున పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు కనిపించాయి. 'మన ఊళ్లో కట్టు కట్టించుకుంటూ నవ్విన పిల్ల ఒకతి ఉండేది. ఎందుకు నవ్విందో కట్టు తాతకు తెలుసు.' అంతే ఉంది. వెళ్లి అడుగు అని లేదు. అడక్కుండా ఉండడం నావల్ల అయ్యే పని కాదు.

కట్టు తాత నా మాట విని చేతిలో పని ఆపేశాడు.

"ఎవురు పంపినారు నిన్ను?"

"పుస్తకం పంపింది."

ఆయన నా ఎడమ చెయ్యి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు, నాకేదో విరిగినట్టు. "ఈ చెయ్యే. నీ యీడుదే. విరిగిన రెండు ముక్కలూ మల్లా ఒకదానికొకటి గుర్తుపడతాయా తాతా అని అడిగి, దానికదే నవ్వుకునింది. రైలంటే పిచ్చి దానికి" అన్నాడు. ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. చెయ్యి వదిలేసి తర్వాతి మనిషిని పిలిచాడు.

రైలన్నాడు కదా, రైళ్ల పుస్తకం తీశాను. నేను అనుకున్నట్టే అందులోనూ పెన్సిల్ రాత ఉంది. అది నన్ను రైల్వే గేటు దగ్గరికి తీసుకెళ్లింది. గేటు మనిషి నన్ను దూరం నుంచి చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లాక మళ్లీ కూర్చున్నాడు. "ఏం లేదు పాపా, ఎవురో అనుకున్న్యా" అన్నాడు. ఆ పిల్ల చివరి పెట్టెకే చెయ్యి ఊపేదట, దానికి ఎవరూ ఊపరని. అక్కడినుంచి ఇంకో పుస్తకం, ఆ పుస్తకం నుంచి దర్జీ. పావడాకు లోపలివైపు జేబు కుట్టించుకునేదట, చింతపిక్కలు దాచుకోవడానికి. ఒక్కో మనిషి దగ్గర ఒక్కో ముక్క దొరుకుతోంది, పిల్ల మాత్రం దొరకడం లేదు. బజారులో నడుస్తుంటే నాకంటే ముందు ఎవరో నడుస్తున్నట్టు ఉండేది. వెనక్కి తిరిగి నా మొహం చూస్తుందేమోనని భయం వేసేది.

చివరికి అమ్మను అడిగాను. ఆ పిల్ల సారు కూతురు. మేం ఆ ఊరు రాకముందే మెదడువాపు జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో దాని పేరు ఎత్తకూడదు, ఎత్తితే సారు భార్య తట్టుకోలేదు. ఇదంతా చెప్పి అమ్మ నాకు దిష్టి తీసి, ఇక లైబ్రరీకి పోవద్దంది. మరుసటి రోజే పోయాను.

ఎందుకు రాస్తున్నారని సారును సూటిగానే అడిగాను. ఆయనేమీ దాచలేదు. "నేనుగా దాని మాట ఎత్తితే జనం అయ్యో అంటారు పాపా. ఎవురన్నా పిల్లోళ్లు వచ్చి అడిగితే నవ్వతా చెప్తారు. అట్లా చెప్పుకోవాల దాన్ని" అన్నారు. నేను ఇన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ మూడు మాటల తర్వాతే వస్తుంది.

ఆ తర్వాత నాకు దొరికిన రాత, అన్నం తినని రాకుమార్తె కథ పక్కన ఉంది. 'సంగటిలో ఏం కలిపితే ఒక పిల్ల రెండో ముద్ద అడిగేది? మా ఇంట్లో తెలుసు.' రెండు రోజులు సారు ఇంటికి వెళ్లలేదు. మూడో రోజు ఉండబట్టలేక వెళ్లాను. సారు భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. అడిగేశాను. చేట ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్లింది. ఏడుపేమో, తిట్లేమో అని నేను వాకిట్లోనే నిలబడ్డాను. చాలాసేపటికి తలుపు దగ్గరికి వచ్చి, నన్ను చూడకుండా, "శెనక్కాయల పొడి. కారం ఎయ్యకుండా" అని తలుపు వేసుకుంది.

సాయంత్రం లైబ్రరీలో సారు నా పక్కన వచ్చి కూర్చుని గొంతు తగ్గించి, "ఏమనింది పాపా?" అని అడిగారు. ఆ ఇంట్లోనే ఉంటారు, ఆమె చేతి అన్నమే తింటారు. ఆమె ఏమందో నన్ను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. చెప్పాను. "కారం ఎయ్యకుండానా?" అన్నారు. అవునన్నాను. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఆటలో ఆటగాడికి పని అప్పజెప్పే పాత్ర నెత్తిమీద పసుపు గుర్తు పెడతారు. ఆటగాడు పరుగెత్తుకొస్తాడు, నిజమే. ఏమీ చదవడు. నేను గుర్తు లేకుండా ఒక ఊళ్లో కొన్ని పుస్తకాలు పెట్టాను. వాటిలో ఒక పిల్ల ఉంటుంది, ఆ ఊరి మనుషుల మాటల్లో ఉంటుంది, ఇంకెక్కడా కనబడదు. దానికి బొమ్మ గీయించలేదు. ఎవరూ కనిపెట్టరని అందరూ నవ్వారు. చాలాకాలం ఎవరూ కనిపెట్టలేదు కూడా. "అడిగేటోళ్లు ఉండారా?" అని సారు ఫోన్లో వాకబు చేసేవారు. లేరని చెబితే, "ఉండనీ పాపా. పుస్తకానికి తొందరేముండాది" అనేవారు. తర్వాత ఒకరొకరుగా వచ్చారు. ఆ మాట ఆయనకు చెప్పగలిగాను. అది నా అదృష్టం.

దినాలకు పుత్తూరు వెళ్లాను. చుట్టాలు భోజనాల దగ్గర ఉండగా అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచింది. "ఆయప్పా నువ్వూ ఫోన్లో ఏందో ఆట గురించి మాట్లాడుకుంటా ఉండిరే. నాకూ సూపీ" అంది. ఫోన్లో ఆ ఊరు తెరిచాను. మధ్యాహ్నం ఎండలో ముగ్గురు నలుగురు ఆటగాళ్లు తిరుగుతున్నారు.

"వీళ్లంతా ఎవురు?"

"నాకూ తెలీదత్తా. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడుతున్నారు. పుస్తకం చదివి వచ్చారు."

"ఎవురికోసరం?"

నేను చెప్పేలోపే, ఆ ఇంట్లో ఎత్తకూడని ఆ పేరు ఆమే పలికింది. ఎంత మామూలుగా పలికిందంటే, వీధిలో ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టుంది. నేను తల ఊపాను.

మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. ఒకడు మాత్రం, కవచం తొడుక్కుని పెద్ద కత్తి పట్టుకున్నవాడు, ఊరి చివర కదలకుండా నిలబడి ఉన్నాడు. ఫోన్ ఆపబోయాను.

"ఉండు" అంది అత్త. తెరకు దగ్గరగా వంగి వాణ్ని చూసింది. "ఆ పిల్లోడిని పోవద్దని చెప్పు. వస్తాది."

చెప్పే వీలు నాకు లేదు. వాడెవరో, ఏ ఊళ్లో కూర్చున్నాడో తెలియదు. మేమిద్దరం చూస్తుండగానే వాడు కత్తి పక్కన పెట్టి, దారికేసి తిరిగి, నేల మీద కూర్చున్నాడు.